ముంపు నేలలో పునాది

రీబూట్ అంటే వినేవాళ్లకి ఒక్క మాటే. పెద్ద సర్వర్ పడుకుని లేవడానికి ఎంత సేపు పడుతుందో దగ్గరుండి చూసేవాళ్లకి తెలుసు. ఫర్మ్‌వేర్ మెమరీ మొత్తం తడిమి చూసుకోవాలి, డిస్క్ కంట్రోలర్లు, నెట్‌వర్క్ కార్డులు ఒక్కొక్కటే పలకాలి. నిమిషాలు గడిచిపోతాయి. ఆ చుట్టుదారి తప్పించేదే కెఎగ్జెక్. నడుస్తున్న లినక్స్ కెర్నెలే కొత్త కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కించి, ఫర్మ్‌వేర్ గడప తొక్కకుండా పగ్గాలు దాని చేతికిస్తుంది. ఎరిక్ బీడర్‌మన్ రాసిన ఈ పద్ధతి 2005లో 2.6.13తో అసలు కెర్నెల్‌లో చేరింది. సారపాకలో కూర్చుని హైదరాబాద్ యంత్రాలను చూసుకునే నాకు ఇది రోజూ చేతిలో ఉండే పనిముట్టు.

అయితే వర్చువల్ మెషిన్లలో ఇప్పుడు మెమరీ కూడా స్థిరంగా ఉండటం లేదు. పగలు పని ఎక్కువైతే మెషిన్ ఆపకుండానే పెంచుతాం, రాత్రికి తీసేస్తాం. అలా తీయాలంటే అందులో కదలనిదేదీ ఉండకూడదు. ప్రోగ్రాముల డేటాను కెర్నెల్ మరోచోటికి జరపగలదు. తన సొంత సామాను చాలావరకు జరపలేదు. అందుకే తీయబోయే మెమరీలో దాన్ని పెట్టకుండా జాగ్రత్తపడాలి.

ఈ జాగ్రత్త మా గోదావరి ఒడ్డున పాతదే. సారపాక పక్కనే ఉన్న భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల వద్ద మూడు ప్రమాద హెచ్చరికలు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. అయినా ఏటి ఒడ్డున మిర్చి, పత్తి వేస్తూనే ఉంటారు. వరదొస్తే ఆ కారు పంట పోతుంది. ఇల్లు కట్టేవాడు మాత్రం మెరక వెతుక్కుంటాడు. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఊరివాళ్లకి తెలుసు. ఎండాకాలంలో వచ్చి స్థలం కొనేవాడికి మెరక, ముంపు నేల రెండూ ఒకేలా కనబడతాయి. కెఎగ్జెక్‌తో లేచే కొత్త కెర్నెల్ అలా వచ్చినవాడే.

ఎక్స్86 మెషిన్లలో మధ్యలో కలిపిన మెమరీ కూడా ఫర్మ్‌వేర్ మెమరీ పటంలోకి ఎక్కుతుంది. పాత పద్ధతిలో లోడ్ చేసే కెఎగ్జెక్ టూల్స్ ఆ పటాన్ని చదివి కొత్త కెర్నెల్‌కు అందిస్తాయి. అందులో రాసి ఉండేది 'సిస్టమ్ ర్యామ్' అని మాత్రమే. మొదటినుంచీ ఉన్నదా, మధ్యలో వచ్చిందా అన్నది ఉండదు. కొత్త కెర్నెల్ నిశ్చింతగా దాని మీద తన సొంత సామాను పరిచేస్తుంది. ఎర్రర్ రాదు, అంతా బాగానే నడుస్తుంది. ఎప్పుడో ఒకనాడు ఆ మెమరీ వెనక్కి కావాలంటే రాదు. లాగ్ అంతా తిరగేసినా కారణం దొరకదు. సమాచారం జారిపోయింది అంతకుముందు కెర్నెల్ దిగిపోయేటప్పుడు కదా!

ఇంకో చిక్కు, కెఎగ్జెక్ రెండు అంచెల్లో జరుగుతుంది. కొత్త కెర్నెల్ ఏ అడ్రసులో దిగాలో లోడ్ చేసేటప్పుడే నిర్ణయమైపోతుంది. అక్కడికి కాపీ అయ్యేది పాత కెర్నెల్ నుంచి కొత్తదానిలోకి దూకేటప్పుడు. ఈలోగా ఆ మెమరీని తీసేశారనుకోండి, లేని చోట దిగాలి. అలాంటి మెమరీని తీయనివ్వకుండా అడ్డుకోవాలని ఏఆర్‌ఎంలో అప్పట్లో పనిచేస్తున్న జేమ్స్ మోర్స్ 2020లో ప్యాచ్‌లు రాశారు. నేనైతే సాయంత్రమే లోడ్ చేసి పెట్టుకోను. దూకే ముందే లోడ్ చేస్తాను.

నాకు బాగా నచ్చిన పరిష్కారం అదే ఏడాది 5.8 కెర్నెల్‌తో వచ్చింది. అప్పట్లో రెడ్ హ్యాట్‌లో ఉన్న డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ తెచ్చిన వర్ట్‌ఐఓ-మెమ్ డ్రైవర్ తను కలిపిన మెమరీని ఫర్మ్‌వేర్ పటంలోకి ఎక్కించదు. మెమరీ జాబితాలో 'సిస్టమ్ ర్యామ్' పక్కన తన పేరు కూడా రాస్తుంది. ఆ పేరు చూసి కెఎగ్జెక్ అక్కడ ఏమీ పెట్టదు. కొత్త కెర్నెల్ లేచాక అందులోని ఆ డ్రైవరే హైపర్‌వైజర్‌ను అడిగి, తీసేసేదని తెలిసే కలుపుకుంటుంది. ఎంత ఉందో చెప్పి ఊరుకోకుండా ఎవరి చేతిలో ఉందో చెప్పడం ఇందులోని అసలు గుణం.

కెర్నెల్ కూలితే అప్పటి మెమరీని దాచిపెట్టే కెడంప్‌దీ ఇదే బాధ. మెమరీ మారిన ప్రతిసారీ దాని దగ్గరున్న మెమరీ జాబితా పాతబడేది, మొత్తం మళ్లీ లోడ్ చేయాల్సి వచ్చేది. ఆ కాస్త సందులో కెర్నెల్ కూలితే డంప్ దక్కదు. 2023లో వచ్చిన 6.6 నుంచి ఎక్స్86లో కెర్నెలే జాబితాను సరిచేసుకోగలుగుతోంది. పాత కెర్నెల్ నడిచే మెషిన్లలో మాత్రం మెమరీ మార్పు, కెర్నెల్ మార్పు ఒకే రాత్రి పెట్టుకోను.