తీర్మానం రాయడమూ ఓ పనితనమే

బడి కమిటీ అంటే ఆగస్టు 15న జెండా కింద నిలబడే నలుగురు పెద్దమనుషులని చాలామంది అనుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ మాత్రం దాన్ని వేరుగా మలిచింది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే. మొత్తంలో సగం మంది ఆడవాళ్లుండాలి. అంటే బంట్వారం లాంటి మండలంలో పొద్దున కంది చేనుకు పోయే తల్లి మధ్యాహ్నం బడి లెక్క అడగొచ్చు. కొత్తగా వచ్చిన సభ్యురాలు ఆ పని ఎంత నేర్పుగా చేయగలదో చూస్తే ముచ్చటేస్తుంది.

తెలివైన సభ్యురాలు ముందు ఆఫీసు గదికి పోదు, పొయ్యి దగ్గరికి పోతుంది. "అక్కా, ఇయ్యాల ఎంతమందికి ఎసరు పెట్టినవ్?" అని అడుగుతుంది. 62 మంది ఉన్న ప్రాథమిక పాఠశాల అనుకుందాం. తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. అందరూ వచ్చిన రోజు 6 కిలోల 200 గ్రాముల బియ్యం, 1 కిలో 240 గ్రాముల పప్పు కావాలి. పప్పు ఎంత పలుచనైందో తాండూరు కందులు పండించే మనిషికి గంటె తిప్పగానే తెలిసిపోతుంది. ఆ తర్వాత హాజరు పట్టీ చూస్తుంది. తిన్నవాళ్ల లెక్క, వచ్చినవాళ్ల లెక్క కలవకపోతే గొడవ పెట్టుకోదు, మీటింగులో అడుగుతుంది. భోజనం నాణ్యత, వంటచోటు శుభ్రత చూసే బాధ్యతను 2015 మధ్యాహ్న భోజన నియమాలు ఈ కమిటీకే ఇచ్చాయి కాబట్టి, అది పెత్తనం కిందికి రాదు.

అసలు నేర్పు తీర్మానాల పుస్తకంలో కనిపిస్తుంది. "మరుగుదొడ్లు బాగుచేయించాలని తీర్మానించనైనది" అని రాస్తే ఏ పనీ కాదు. ఆ వాక్యం ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. "ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ, నల్లా, పెద్దసారు కొనాలి, పై మీటింగులో బిల్లు చూపాలి" అని రాయించిందనుకోండి, అది పని. డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకూ ఆమె దగ్గర జవాబుంటుంది. ముప్పై దాటి వందలోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష గ్రాంటు ఏడాదికి 25 వేలు. అందులో కనీసం పదో వంతు, అంటే 2,500, శుభ్రతకే ఖర్చు పెట్టాలి. గడియ, నల్లా అందులోనే వచ్చేస్తాయి.

ఇక 62 అనే అంకె సంగతి. చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. ఒక్క ఇల్లు వలసపోయి ఇద్దరు పిల్లల పేర్లు తీయించుకుంటే మూడో టీచరు లెక్కలోంచి జారిపోతాడు. అందుకే మంచి సభ్యురాలు ఎండాకాలంలోనే ఏ ఇంట్లో ఐదేళ్లు నిండిన పిల్లలున్నారో, ఎవరు పట్నం పోతున్నారో అడిగి రాయించుకుంటుంది. మూడేళ్ల బడి అభివృద్ధి ప్రణాళికకు పునాది ఈ తరగతివారీ అంచనాయే. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని 22వ సెక్షన్ చెబుతోంది. (ఎన్ని బళ్లలో అది పోయినేటి కాగితానికి నకలుగా తయారవుతుందో అడక్కండి.)

టీచరును వేసే అధికారం కమిటీకి లేదు. కానీ పిల్లల హక్కుకు భంగం కలిగితే 32వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు, దాన్ని మూడు నెలల్లో తేల్చాలి. కాబట్టి ఆమె అర్జీకి తీర్మానం నకలు జతచేస్తుంది, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకునే కదులుతుంది.