ఎవరి ‘నేను’?

సూళ్లూరుపేటలో ఏ క్రైస్తవ పెళ్లికెళ్లినా, భార్య ‘సాటియైన సహాయం’ అని పాస్టరుగారు చెప్పకమానరు. ‘సాటి’ అన్నప్పుడల్లా నాకు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆత్మకథ గుర్తొస్తుంది. 1910లో ఆయన పోయారు. 1914లో ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ అచ్చయింది. పుస్తకమంతా ‘నేను’ అంటే ఆయనే, రాసింది మాత్రం భార్య ఎమ్మా. స్త్రీల హక్కుల కోసం కలంపట్టిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద 1898లో పుస్తకం వేసిన మనిషి, భర్త గొంతులో దూరిపోవడమేంటి? నాకైతే మింగుడుపడలేదు. కానీ ఒకేరోజు 2,222 బాప్టిజాలు జరిగిన 1878 ఘట్టం చదవండి. అప్పటికి ఎమ్మా ఈ దేశమే రాలేదు. అయినా మాదిగపల్లెల బంధుత్వాలు, కట్టుబాట్లు ఎరిగిన చూపొకటి అక్కడ పనిచేస్తుంటుంది. 1899లో మాదిగల గురించి సొంత పేరుతో రాసిన ఆవిడ చూపే అది. ఇద్దరిదీ ఒకే విశ్వాసం, నిజమే. ముఖపత్రం మీద మాత్రం రచయిత ఆయన. ఆవిడ, ఆయన కోసం రాసిపెట్టిన భార్య.