వేడెక్కిన పాత లారీకి మందు మేస్త్రీ చేతిలోనే

పాత లారీ హీటెక్కి షెడ్డుకొస్తే అసలైన మేస్త్రీ ముందు పానా పట్టుకోడు, డ్రైవరును ఒక మాట అడుగుతాడు. మా సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ఆ మాట ఇలా ఉంటుంది: "ఏడ హీటెక్కుతుంది బిడ్డా, రోడ్డు మీదనా, కాంటా కాడనా?" "కాంటా కాడ లైన్ల నిలబడితేనే ముల్లు లేస్తున్నది మేస్త్రీ, రోడ్డెక్కితే దిగుతది" అని డ్రైవరు అన్నాడంటే సగం రోగం దొరికినట్టే. పరుగులో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. బండి నిలబడితే ఆ పనంతా ఫ్యాను ఒక్కటే చేయాలి. నిలబడ్డప్పుడే వేడెక్కితే చాలావరకు ఫ్యానుదే లోపం. లోడుతో పరుగెత్తేటప్పుడు వేడెక్కితే ముందు నీళ్లు, రేడియేటర్ చూడాలి. ఏ మీటరూ లేకుండా ఒక్క ప్రశ్నతో ఇంత తేల్చడం చిన్న విద్య కాదు.

ఈ విద్య మన దగ్గర ఇంతగా పండటానికి కారణం వడ్లు. తిరుమలగిరి మార్కెట్ నుంచీ చుట్టుపక్కల కల్లాల నుంచీ బస్తాలెక్కిన లారీలు మిర్యాలగూడ మిల్లుల ముందు బారులు తీరుతాయి. యాసంగి కోతలంటే నడి ఎండాకాలం. ఇంజను ఆగదు, బండి కదలదు. ఊక, తవుడు దుమ్ము రేడియేటర్ రెక్కల్లో మెత్తగా అతుక్కుంటుంది. అటు కోదాడ వైపు పోతే సిమెంటు దుమ్ము. ఇన్ని కష్టాల మధ్య ఫ్యాను ఏమాత్రం నీరసించినా ముల్లు ఎర్రగీత దాటుతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది.

ఈ లారీల చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. టాటాలు 1954లో బెంజి కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు, 1969తో ఆ పొత్తు ముగిసింది. విజయవాడ బెంజి సర్కిల్ పేరూ ఆ కంపెనీ వల్లే వచ్చిందంటారు. ఒకప్పటి తొమ్మిదో నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా ఆ లారీలే మన మేస్త్రీలకు బడి. విజయవాడ ఆటోనగర్ పెద్దదే, సామాను చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. కానీ రోడ్డు పక్కన రోగం పట్టడంలో నా ఓటు మా సూర్యాపేట చేతులకే.

పాత బండ్లలో ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది. మేస్త్రీ ఇంజను ఆపించి, రెండు పుల్లీల మధ్య బెల్టును బొటనవేలితో నొక్కుతాడు. సుమారు అరంగుళం దిగాలి. అంతకు మించితే జారుతున్నట్టు, అసలు దిగకపోతే వాటర్ పంపు బేరింగును తినేస్తున్నట్టు. తర్వాత టార్చి వేసి పుల్లీ గాడిలోకి చూస్తాడు. ఒక పాత టాటాకు వేరేచోట రేడియేటర్ విప్పి కడిగారు, వాటర్ పంపు మార్చారు, అయినా వేడి తగ్గలేదు. తిరుమలగిరి పెద్ద మేస్త్రీ ఒకాయన గాడిలోకి చూసి, "అడుగు మెరుస్తున్నది" అన్నాడు. బెల్టు గాడి పక్కగోడలను కరుచుకుని తిరగాలి. అడుగు మెరిసిందంటే బెల్టు అరిగి కిందికి దిగిందని, ఇక ఎంత బిగించినా జారుతుందని అర్థం. పాత బెల్టు తీసి సరైన కొలతది వేయగానే ముల్లు నిలబడింది. ఆ చూపుకు దండం పెట్టాలనిపించింది!

బెల్టు బాగుంటే గాలి సంగతి. ఇంజను నడుస్తుండగా రేడియేటర్ ముందు వైపు ఒక కాగితం ఆనిస్తారు. ఫ్యాను సరిగ్గా లాగుతుంటే కాగితం అతుక్కుని నిలవాలి. జారిపడితే రేడియేటర్ రెక్కల్లో ఊక నిండి ఉండాలి, ఫ్యాను చుట్టూ రేకు పగిలి ఉండాలి, లేదా ఎవరో ఫ్యానును తిరగేసి బిగించి ఉండాలి.

కొత్తరకం లారీల్లో ఫ్యాను వెనక సిలికాన్ ఆయిల్ క్లచ్ ఉంటుంది, వేడి పెరిగితే అదే పట్టు బిగిస్తుంది. వేడెక్కిన ఇంజను ఆపి, ఫ్యానును చేత్తో ఒక తిప్పు తిప్పితే కాస్త బిగువుగా ఉండి వెంటనే ఆగాలి. గిర్రున తిరిగిందా, ఆయిల్ కారిపోయింది. క్లచ్ ముఖాన జిడ్డు గీతలే దానికి సాక్ష్యం.

చిన్న బండ్ల కరెంటు ఫ్యాను పని సెల్ఫ్-డైనమో మేస్త్రీది. బ్యాటరీ నుంచి నేరుగా వైరిస్తే ఫ్యాను తిరిగిందా, మోటారు మంచిదే. ఇక ఫ్యూజు, రిలే, వేడి స్విచ్, ఎర్తు వరసగా చూడాలి. ఇండికేటర్ బల్బు పెట్టి చూసి "కరెంటొస్తోంది" అనేవాడు పిల్ల మెకానిక్. తెలిసినవాడు హెడ్‌లైటు బల్బు పెడతాడు. తుప్పు పట్టిన ఎర్తు చిన్న బల్బును వెలిగించగలదు గానీ, పెద్ద బల్బు దగ్గర దాని గుట్టు బయటపడుతుంది. మోటారును తిప్పలేని కరెంటు పెద్ద బల్బునూ వెలిగించలేదు. ఎంత చక్కని యుక్తి!

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతోంది. క్లచ్ పోతే బోల్టు కొట్టి ఫ్యానును బిగించేస్తున్నారు, అది రేయింబవళ్లు డీజిల్ తాగుతుంది. స్విచ్ పోతే ఫ్యూజు లేకుండా డైరెక్ట్ వైరు లాగుతున్నారు, అది కాలితే బండే కాలుతుంది. థర్మోస్టాట్ తీసి పారేసి రిపేరు అయిందంటున్నారు, ఇంజనుకు సరైన వేడి అందక బోరు అరుగుతుంది. ఇక డూప్లికేట్ బెల్టులు! అట్టపెట్టె మీద కంపెనీ పేరును పోలిన పేరు, లోపల నాసిరకం రబ్బరు. చవకని కొన్న ఓనరు హెడ్డు పనికి అంతకు ఎన్నో రెట్లు కడుతున్నాడు, చెడ్డపేరు మాత్రం మేస్త్రీకి వస్తోంది.

షెడ్లలో నేర్చుకునే కుర్రాళ్లు తగ్గిపోయారు. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ కోర్సు ఉంది, మంచిదే. వారానికొక పూట ఈ పెద్ద మేస్త్రీలను పిలిచి, గౌరవంగా కుర్చీ వేసి, డబ్బిచ్చి, పిల్లల చేత బెల్టు నొక్కించాలి, గాడిలోకి చూపించాలి. ఓనర్లకు నా విన్నపం ఒక్కటే: సామాను మార్చినందుకే కాదు, రోగం కనిపెట్టినందుకూ కూలి ఇవ్వండి. పది సామాన్లు మార్చినవాడికి వేలు ఇచ్చి, ఏదీ మార్చనక్కర్లేదని చెప్పినవాణ్ని చాయ్‌తో సాగనంపితే, రేపు ఆ మాట చెప్పేవాడు ఈ రోడ్డు మీద మిగలడు.