పుష్కర ఘాట్ ఫొటోల్లో లేనిది

2015 జులై 14న, గోదావరి పుష్కరాలు మొదలైన పొద్దునే, రాజమండ్రి కోటగుమ్మం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. మన తణుకు నుంచి ఎంతో దూరం కాదది. శవాల ఫొటోలు వేసి, చెదిరిన చీర సర్దుకోలేని మనిషిని ఊరందరికీ చూపించి, దానికి అవగాహన అని పేరు పెట్టుకున్నాం. ఆ ఫొటోలవల్ల తెలిసిందేమిటి? ఆ పొద్దున ముఖ్యమంత్రి స్నానం చేసిందీ ఆ ఘాట్‌లోనే. జనాన్ని ఎంతసేపు ఆపారు, గేటు ఎప్పుడు తీశారు, వెళ్లేవాళ్లకూ వచ్చేవాళ్లకూ వేర్వేరు దారులున్నాయా అన్నవి తేలాల్సిన సంగతులు. శవం ముఖం వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పదు. జవాబు చెప్పాల్సినవాళ్లను వదిలేసి, చెప్పలేనివాళ్ల మీదికి కెమెరా తిప్పడమే నా అభ్యంతరం.

చూపించకపోతే ఎవరూ కదలరన్న వాదన కొట్టిపారేసేది కాదు. 1955లో అమెరికాలో తెల్లవాళ్లు చంపిన 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాడు ఎమెట్ టిల్ తల్లి, షికాగోలో శవపేటిక మూత తెరిచే ఉంచమంది. చితికిన ఆ ముఖం ‘జెట్’ పత్రికలో అచ్చయ్యాక పౌరహక్కుల ఉద్యమానికి ఊపొచ్చింది. నిర్ణయం తల్లిది, పైగా ఆ ముఖమే హత్యకు సాక్ష్యం. మన ‘దిశ’ విషయంలో ఈ రెండూ లేవు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువతిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత, పోలీసులు ఆమెకు ఆ పేరు పెట్టేలోపే అసలు పేరూ ఫొటో అందరి ఫోన్లలోకీ చేరిపోయాయి. అత్యాచార బాధితురాలు చనిపోయినా ఆమె ఎవరో బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే చెప్పింది. కోపం మాత్రం దండిగా పుట్టింది. డిసెంబరు 6న నలుగురు నిందితులను కాల్చి చంపితే జనం పోలీసుల మీద పూలు చల్లారు. చంపాలనే కాల్చారని తేల్చిన సిర్పూర్కర్ విచారణ కమిషన్ నివేదిక బయటికొచ్చేసరికి 2022 అయింది. 2012లో ఢిల్లీలో అత్యాచారానికి గురైన అమ్మాయి ముఖం చూడకుండానే జనం రోడ్లెక్కారు, మరుసటేడు చట్టం మారింది.

మరి లాకప్పులో దెబ్బలు తిన్నవాడి ఒంటిమీది వాతలు? అతను సరేనంటే వెయ్యాల్సిందే. ఆ గాయం కొట్టినవాణ్ణి పట్టిస్తుంది. మనిషి పోతే ఇంటివాళ్లను అడగాలి. ఎడిషన్ టైమైపోతోందంటే ఆ పూటకి ఫొటో లేకుండానే వార్త పోనివ్వాలి. ముఖం బ్లర్ చేశాం కదా అంటారు గానీ, చీర రంగు చూసి కూతురు గుర్తుపడుతుంది. 2027లో పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. ఘాట్ల గేట్లు, వాటి వెడల్పు, బయటికొచ్చే దారి, ఇవన్నీ ముందే ఫొటో తీసి మొదటి పేజీలో వెయ్యొచ్చు.