పొరుగు దొడ్డిలోని వెదురు: చట్టమూ, వృక్షశాస్త్రమూ

పొలానికి గట్టు, ఇంటికి ప్రహరీ మనుష్యుడు ఏర్పరచుకొన్న హద్దులు. మొక్కకు వీటితో పని లేదు. ఒకరి దొడ్డిలో నాటిన మొక్క పొరుగువాని దొడ్డిలో మొలిచినప్పుడు దానిని త్రవ్వించే ఖర్చు ఎవరు భరించవలెను? నాటినవాడా, ఇప్పుడు ఆ నేల గలవాడా, లేక నష్టపడినవాడా? ఈ చిక్కును తీర్చుటకు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కొన్ని రాష్ట్రాలు, స్థానిక సంస్థలు వెదురు పెంపకంపై నిబంధనలు చేసినవి. వాటిలో న్యాయం ఎంత ఉన్నదో తేల్చుటకు ముందు వృక్షశాస్త్రం ఎంత ఉన్నదో చూడవలెను. మొక్క స్వభావం తెలియక వ్రాసిన శాసనం ఎంత కఠినమైనను నిష్ఫలమే అగును.

వెదురు వలన పొరుగువారికి హాని యేమిటని తెలుగు పాఠకునికి ఆశ్చర్యం కలుగవచ్చును. తెలుగునాట అడవులలో కనిపించే ముళ్ళ వెదురు, సాధనపు వెదురు పొదలుగా పెరుగును. వీటి భూగర్భ కాండం పొట్టిగా, లావుగా ఉండి, కొన పైకి తిరిగి గడగా మారును. అందుచేత పొద ఏటేటా కొద్దిగా మాత్రమే వెడల్పగును. ‘వెదురు పొద’ అనే మాటలోనే ఈ లక్షణం ఇమిడి ఉన్నది. చైనా నుండి ఇతర దేశాల తోటలకు చేరిన ఫిల్లోస్టాకిస్ ప్రజాతి వెదుళ్ళ పద్ధతి వేరు. వాటి భూగర్భ కాండం సన్నగా, పొడవుగా ఉండి, నేల పైపొరలోనే అడ్డంగా పరుగెత్తును. దాని కణుపులలో మొగ్గలు ఉండును. వాటిలో కొన్ని గడలుగా లేచును, కొన్ని కొత్త భూగర్భ కాండాలుగా సాగును. పొలంలో తుంగ, గరిక ప్రాకుట ఎరిగిన రైతుకు ఇది సులభంగా బోధపడును. ఇది ఇంటికంటె ఎత్తు పెరిగే గరిక వంటిది.

కనెక్టికట్ రాష్ట్రం 2013లో చేసిన చట్టం ఈ భేదాన్ని గుర్తించినది. అది అన్ని వెదుళ్ళను నిషేధింపక, ప్రాకే వెదురును మాత్రమే లక్ష్యంగా తీసుకొన్నది. దానిని నాటినవాడు, లేదా తన స్థలంలో నాటనిచ్చినవాడు హద్దు దాటనీయరాదు. దాటినచో పొరుగు స్థలానికి కలిగిన నష్టానికి, తొలగింపు ఖర్చుకు అతడే బాధ్యుడు. ఆ యేడు అక్టోబరు 1 నుండి పొరుగు హద్దుకు గాని, బాటకు గాని 40 అడుగుల లోపల నాటదలచినవారు నేలలో అడ్డుగోడ ఏర్పరచవలెను, లేదా చుట్టుపక్కల మట్టి తగలని తొట్టిలో పెంచవలెను. అమ్మేవారు దీని స్వభావాన్ని కొనేవారికి తెలుపవలెను. ఈ చివరి నియమం మెచ్చదగినది. తెలియక నాటినవానిని పిమ్మట శిక్షించుటకంటె ముందుగా హెచ్చరించుట మేలు.

అయినను ఈ చట్టంలో మూడు లోపాలు కనిపించుచున్నవి. మొదటిది నిర్వచనం. 2013 నాటి పాఠం ప్రకారం ప్రాకే వెదురు అనగా ఫిల్లోస్టాకిస్ ప్రజాతి. కాని సాసా, ప్లియోబ్లాస్టస్ ప్రజాతులలోను ఇట్లే పరుగెత్తే వెదుళ్ళు ఉన్నవి. అవి ఈ వలలో పడవు. రెండవది 40 అడుగుల లెక్క. దూరం అడ్డు కాదు, ఆలస్యం మాత్రమే. ఏటా కొన్ని అడుగులు సాగే కాండం కొన్ని సంవత్సరాలలో ఆ దూరాన్ని దాటగలదు. ఇక్కడే మూడవ లోపం బయటపడును. ఈలోగా ఇల్లు చేతులు మారినచో, నాటినవానిని బాధ్యునిగా చేసిన వాక్యం కొత్త యజమాని విషయంలో సందేహాలకు తావిచ్చును.

వర్జీనియా రాష్ట్రం 2017లో స్థానిక సంస్థలకు ఇట్టి నిబంధనలు చేసుకొనే అధికారం ఇచ్చినది. దానిని వినియోగించుకొని ఫేర్‌ఫాక్స్ కౌంటీ చేసిన నిబంధన 2023 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. వర్జీనియా శాసనం ఫిల్లోస్టాకిస్‌ను పేర్కొన్నను అంతటితో ఆగక, ఉధృతంగా వ్యాపించే ఏ వెదురుకైనను వర్తించును. పేరును బట్టి గాక ప్రవర్తనను బట్టి నిర్వచించుట శాస్త్రసమ్మతం. బాధ్యత నాటినవానిపై గాక యజమానిపై ఉన్నది. హద్దు దాటకముందే అడ్డు ఏర్పరచమని కోరుటకును వీలున్నది. కాని జరిమానా సంగతి వేరు. అది మొదటిసారి 50 డాలర్లకు, పిమ్మట 200 డాలర్లకు, ఒకే వ్యవహారంలో 12 నెలలకు మొత్తం 3,000 డాలర్లకు మించదు. గడలను ఒకసారి నరికినంత మాత్రాన ఈ వెదురు చావదు. భూగర్భ కాండంలో దాచుకొన్న ఆహారంతో మరుసటి వసంతంలో మరల మొలకలు వేయును. మొలకలను వరుసగా కొన్ని సంవత్సరాలు త్రుంచినగాని ఆ నిల్వ తరగదు. జరిమానా రోజులతో లెక్కింపబడును. వెదురు ఏండ్లతో లెక్కింపబడును. సొమ్ము వసూలుకంటె కొన్ని ఏండ్ల తొలగింపు ప్రణాళికను, ఏటేటా తనిఖీని విధించుట ఫలప్రదం.

నిర్వచనం తప్పితే కలిగే కష్టం భారతదేశానికి తెలియనిది కాదు. 1927 నాటి భారత అటవీ చట్టం గడ్డి కుటుంబానికి చెందిన వెదురును ‘చెట్టు’ అనే మాటలో చేర్చినది. సొంత నేలలో పెంచిన వెదురును నరికి తరలించుటకు కూడ రైతు అనేక చోట్ల అనుమతుల చిక్కులో పడెను. 2017లో చేసిన సవరణ ఆ నిర్వచనం నుండి వెదురును తొలగించినది.

హద్దును ఆధారం చేసుకొన్న చట్టం అన్ని మొక్కలకు పనికిరాదు. వయ్యారిభామ కలుపును కర్ణాటక ప్రభుత్వం 1975లో హానికరమైనదిగా ప్రకటించినది. అయినను ఆ కలుపు ఆగలేదు. ఒక్కొక్క మొక్క వేల కొలది గింజలు వేయును. గాలి, నీరు, బండి చక్రాలు వాటిని మోసుకొని పోవును. ఒక రైతు తన చేనును శుభ్రం చేసినను పక్కనున్న బాట నుండి గింజలు వచ్చి పడును. ఇట్టిచోట ఒక్కొక్క యజమానిని శిక్షించుట వ్యర్థం; గ్రామమంతయు పూతకు ముందే కలిసి పీకవలెను. 1984లో బెంగుళూరులో విడిచిన మెక్సికో పెంకుపురుగు వంటి శత్రుకీటకాలు అందుకు తోడు కావలెను.

కాబట్టి ఇట్టి శాసనాన్ని పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. మొక్క దేనితో వ్యాపించును? శాసనం ఆ లక్షణాన్నే పట్టుకొన్నదా? ఆపగలిగిన సమయంలో, ఆపగలిగినవానిపై బాధ్యత ఉంచినదా? ఉపాధ్యాయుడు బడి తోటలో ఒక పసుపు మొక్కను, ఒక తుంగ మొక్కను వేళ్ళతో సహా త్రవ్వించి ప్రక్కప్రక్కన పెట్టినచో, ఒకటి నిలిచిన చోటనే కొమ్ములు పేర్చుకొనుట, రెండవది సన్నని కాండాలను దూరంగా పంపుట విద్యార్థులకు కంటికి కనబడును. ఈ భేదం తెలియనిచో చట్టం నిరపరాధి యైన పొదను శిక్షించి, పరుగెత్తే వెదురును విడిచిపెట్టును.