అతుకు పని

నర్సాపురంలో రైలు దిగి, ఆటో మాట్లాడుకుని మొగల్తూరు చేరేసరికి ఏడున్నర అయింది. అమ్మ అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో పాత చీర ముక్క, దాని మీద గుట్టగా తెల్లని దారప్పూలు, పక్కన గ్లాసులో చల్లారిపోయిన కాఫీ. నన్ను చూసి లేవలేదు. చేతిలో ఉన్నది ముగిస్తే గానీ లేవదు. "కూచోవే, ఇంకో నాలుగు కుట్లు" అంది. బ్యాగు పక్కన పడేసి కూర్చున్నాను. నాలుగన్నది పద్నాలుగైంది.

ఇరవై ఏళ్లుగా నేను ఊరొచ్చిన ప్రతిసారీ ఆవిడ అడిగేది ఒకటే. "ఇంతకీ ఆ సినిమాలో నువ్వు చేసిందేంటే?" గ్రాఫిక్స్ అంటాను. గ్రాఫిక్సంటే ఏంటంటుంది. కంప్యూటర్లో బొమ్మల్ని కలపడం అంటాను. "బొమ్మలంటే మనుషులే కదా, కలపడమేంటి?" ఈలోగా పక్కింటి పిన్ని గోడ మీంచి తల పెట్టి, "ప్రభాస్‌ని దగ్గర్నుంచి చూశావేంటే?" అంటుంది. కృష్ణంరాజుగారిది మా ఊరే కాబట్టి ఆ ఇంటి అబ్బాయి గురించి అడిగే హక్కు ఆవిడకుంది. చూళ్లేదు పిన్నీ. నేను దగ్గర్నుంచి చూసేవి హీరోల చెవి తమ్మెలు, హీరోయిన్ల జుట్టు కొసలు, గుర్రాల తోకలు.

ఈసారి ఇంకో దారి తొక్కాను. అమ్మ ఒళ్లో పూలు చూపించి, "నువ్వు చేసేదేనమ్మా. అతుకు పని" అన్నాను. సూది ఆపింది. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి నా వంక చూసింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

మా వైపు వాళ్లు కానివారికి రెండు మాటలు చెప్పాలి. నర్సాపురం లేసు 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషా అల్లిక. అమ్మ ఈడు వాళ్లు దాన్ని చేతిపని అంటారు. ముందు దారంతో చిన్న గొలుసు అల్లుతారు. దాని రెండు కొసలూ కలిపితే ఉంగరమవుతుంది. ఆ ఉంగరంలోంచి ఒక్కో రేకూ లాగుతూ పోతే పువ్వు. పూలు చేసేవాళ్లు వేరు, వాటిని కలిపి బల్లగుడ్డో దుప్పటో చేసేవాళ్లు వేరు. ఆ కలపడమే అతుకు పని. పదిళ్లలోంచి వచ్చిన పూలు ఒక్కలా ఉండవు. ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. బిగువు చేతి పువ్వు చిన్నదవుతుంది, వదులు చేతిది రేకులు వాలుస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి, గుడ్డ ముడుచుకోకుండా మధ్య దారాన్ని గుంజుతూ వదులుతూ సర్దాలి. అతికినట్టు తెలియకూడదు. తెలిస్తే సరుకు వెనక్కొస్తుంది.

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి ఈ ఆడవాళ్ల మీద ఏకంగా పుస్తకమే రాసింది. 1982లో అచ్చయింది. దేశాలు దాటి అమ్ముడుపోయే సరుకు చేస్తున్నా వీళ్లు ఇంట్లో ఊరికే కూర్చున్నవాళ్ల కిందే లెక్క అని ఆవిడ కనిపెట్టింది. దానికి మా ఇల్లే సాక్ష్యం. "మా ఆవిడకేముందండీ, ఖాళీగానే ఉంటది" అనేవాడు నాన్న ఎవరడిగినా. ఆ ఖాళీ డబ్బుల్లోంచే నా ఫీజులు కట్టాడు. చిన్నప్పుడు నేను సూది పట్టుకోబోతే మాత్రం అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. "నీకొద్దే ఈ పని. కళ్లు పోతాయి."

ఆ మాట విని చదువుకుని, హైదరాబాద్ వెళ్లి, రోజుకి పది గంటలు చీకటి గదిలో రెండు మానిటర్ల ముందు కూర్చునే ఉద్యోగం సంపాదించాను.

హీరో పచ్చగుడ్డ ముందు గెంతుతాడు. కొండని ఇంకెక్కడో షూట్ చేసుకొస్తారు. ఆకాశం మరో రోజుది, మరో ఊరిది. హీరో మీద పడిన వెలుగు ఎడమ నుంచి, కొండ మీద పడింది కుడి నుంచి. ఒకటి బిగువు, ఒకటి వదులు. వాటిని ఒక చోట ఒకే పూట తీసినట్టు సర్దడం మా పని. 2015లో వచ్చిన 'బాహుబలి'లో ఆకాశం నుంచి దూకుతున్నట్టున్న ఆ జలపాతం గుర్తుందిగా. దానికోసం కొంత కేరళలోని అతిరప్పిళ్లి దగ్గర తీశారు, కొంత హైదరాబాద్‌లో తీశారు, మిగతాది కంప్యూటర్లలో కట్టారు. సినిమా చూసి మా ఊరి కుర్రాళ్లు నలుగురు డబ్బులు పోగేసుకుని అతిరప్పిళ్లి వెళ్లొచ్చారు. అసలు జలపాతం ఎత్తు 80 అడుగులు. అందమైనదే పాపం. "ఇదేనేంటండీ" అని ఒకడు అక్కడి టీకొట్టువాణ్ణి అడిగాడట, తెలుగులోనే.

అన్నిటికంటే కష్టం జుట్టు. పచ్చగుడ్డ వేస్తే కంప్యూటర్ ఆ పచ్చని తీసేస్తుంది. డిజిటల్ కెమెరా సెన్సర్‌లో సగం గడులు పచ్చని పట్టేవే కాబట్టి ఆ రంగు శుభ్రంగా దొరుకుతుంది. అయితే గుడ్డ మీంచి ఎగిరిన పచ్చ మెరుపు వెంట్రుకల కొసలకి అంటుకుంటుంది. కడుగుదామంటే కొసలు తెగిపోతాయి, వదిలేద్దామంటే హీరోయిన్ నాచులోంచి లేచినట్టుంటుంది. ఇక గుడ్డే లేని చోట షూట్ చేసుకొస్తే రోటో చెయ్యాలి. అంటే మనిషి చుట్టూ చేత్తో గీత గియ్యాలి, ఫ్రేము ఫ్రేముకీ. సెకనుకి 24 ఫ్రేములు. ఆమె మూడు సెకన్లు తల తిప్పితే 72. గాలికి లేచిన ఒక పాయ మొదటి ఫ్రేములో సన్నని గీత, నాలుగో ఫ్రేములో మసక, ఏడులో రెండుగా చీలుతుంది, పన్నెండులో చెంపకి అంటుకుని మాయమవుతుంది. ఆ మసకని కూడా మసకగానే గియ్యాలి. పదునుగా గీస్తే పిల్లలు కత్తెరతో కోసిన బొమ్మలా నిలబడుతుంది. ఒక్కోసారి ఒక పాయతోనే రోజు గడిచిపోతుంది.

మాకంటే ముందు వాళ్లకి ఇవేవీ లేవు. ద్విపాత్రాభినయమంటే కెమెరాని కదలకుండా బిగించి, లెన్సు ముందు సగం నల్ల అట్ట అడ్డుపెట్టి ఒక వైపు తీసేవారు. ఫిల్ము వెనక్కి చుట్టి, అట్ట అటు మార్చి, రెండో వైపు తీసేవారు. మాస్క్ షాట్ అంటారు. ఎక్కడ తప్పినా రెండూ పోయినట్టే. 1961 నాటి 'సీతారామ కల్యాణం'లో రవికాంత్ నగాయిచ్ చేసిన ట్రిక్కులు ఇప్పుడు ఆపి ఆపి చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. 1994లో 'ముగ్గురు మొనగాళ్లు' వచ్చినప్పుడు ముగ్గురు చిరంజీవుల మధ్య గీత ఎక్కడుందో కనిపెట్టాలని మూడుసార్లు వెళ్లాను. మా ఊళ్లో పుట్టినవాడు ముగ్గురైతే వదిలేస్తామా? నాకు ఈ జబ్బు అంటుకుంది అక్కడే అనుకుంటాను.

మా గోదావరి డెల్టాకి గ్రాఫిక్స్ కొత్త కాదు. తెలుగు తెరకి కంప్యూటర్ మాయని అలవాటు చేసిన దర్శకుడు కోడి రామకృష్ణ మా పక్కనున్న పాలకొల్లు మనిషి. 1995లో 'అమ్మోరు', 1999లో 'దేవి', ఏళ్ల తరబడి సాగి 2004లో విడుదలైన 'అంజి', 2009లో 'అరుంధతి'. 'అంజి'కి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు వచ్చింది. సినిమా ఆడలేదు. నా మటుకు నాకు అందులో గ్రాఫిక్స్ కంటే 'అమ్మోరు'లోవే ఇష్టం. అతుకులు కనిపిస్తాయి, నిజమే. అయినా వేపమండలు, పసుపు నీళ్లు తెలిసినవాడు తీశాడని కూడా కనిపిస్తుంది.

అమ్మానాన్నల ప్రేమ గురించి ఒక సంగతి ఉంది. 1990 మే 9. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. మాటలు రాసినవాళ్లలో జంధ్యాలది నర్సాపురమే కాబట్టి, అది మావాళ్ల సినిమా అని నాన్న వారం ముందునుంచీ చాటాడు. సైకిల్ షాపు ఆయనది. మొదటి రోజే అమ్మని నర్సాపురం తీసుకెళ్తానని మాటిచ్చాడు. ఆ రోజే తుఫాను కోస్తాని ముంచేసింది. మా పెంకులు లేచిపోయాయి, కొబ్బరి చెట్లు రోడ్డుకి అడ్డంగా పడుకున్నాయి, కరెంటు రావడానికి పది రోజులు పట్టింది. ఆ తర్వాత ఒక సాయంత్రం నన్ను ముందు కడ్డీ మీద, అమ్మని వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని నర్సాపురం దాకా తొక్కాడు. పడిపోయిన స్తంభం వచ్చిన ప్రతిచోటా దిగి, సైకిలెత్తి, అవతల పెట్టి, మళ్లీ ఎక్కించాడు. టిక్కెట్లు మాత్రం లేసు డబ్బులతోనే. నేల టిక్కెట్టు చాలంది అమ్మ. కుర్చీయే కొన్నాడు.

నాకు ఏడేళ్లు. సినిమాలో శ్రీదేవి ఉంగరం పోయిందని తెగ ఏడ్చాను. ఇంటికొచ్చాక అమ్మ లాంతరు వెలుగులో దారం తీసి, గొలుసు అల్లి, కొసలు కలిపి నా వేలికి తొడిగింది. పువ్వు మొదలుపెట్టేటప్పుడు చేసే ఉంగరమే అది, కాస్త పెద్దది. నాన్న తన వేలు కూడా చాపాడు. "మీకెందుకండీ" అంది గానీ అల్లింది.

అదే సినిమా 35 ఏళ్ల తర్వాత 2025 మే 9న 3డీలో మళ్లీ వచ్చింది. అమ్మ కంటి శుక్లాల ఆపరేషన్‌కి హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉంది. కొత్త కన్ను పరీక్షిద్దాం పద అని తీసుకెళ్లాను. నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు. పాత సినిమాని 3డీ చెయ్యాలంటే ముందు చేసేది రోటోయే. ప్రతి ఫ్రేములో ప్రతి మనిషినీ గీత గీసి విడదియ్యాలి, ఒకర్ని ముందుకి, ఒకర్ని వెనక్కి జరపాలి, వెనకాల పడ్డ ఖాళీని పూడ్చాలి. ఎవరెవరో కూర్చుని చేసిన పని అది. నేను కొసలే చూస్తున్నాను, వృత్తి దోషం. అమ్మ ఇంటర్వెల్ దాకా నోరెత్తలేదు. అప్పుడు అద్దాలు తీసి తుడుచుకుంటూ, "మనుషుల్ని కోసి నిలబెట్టినట్టుందే కొన్ని చోట్ల" అంది. నిజానికి బాగా చేశారు. ఆవిడ కంటికి బాగా చెయ్యడం చాలదు. తర్వాత మెల్లగా అంది, "మీ నాన్న ఆ వేళ ఈ పాటకి నిద్రపోయాడు. అంత దూరం తొక్కాడుగా."

తెర మీద కనిపించే ఊళ్లూ ఇలా అతికినవే. 2022 మార్చిలో వచ్చిన 'రాధేశ్యామ్' 1970ల నాటి యూరప్‌లో నడిచే ప్రేమకథ. కొంత అక్కడా, కొంత ఇక్కడి సెట్లలోనూ తీశారు. ఇటలీ ఎక్కడ ఆగి హైదరాబాద్ ఎక్కడ మొదలైందో చెప్పమంటే నాకే కొన్నిచోట్ల కష్టం. కృష్ణంరాజుగారు తెర మీద కనిపించిన చివరి సినిమా అదే. ఆ సెప్టెంబరు 11న ఆయన పోయారు. నెలాఖరున మొగల్తూరులో సంస్మరణ సభ, భోజనాలు. ప్రభాస్ వచ్చాడు. మా వీధి మొదలు నుంచి కనుచూపు మేరంతా తలలే. మా పనిలో జనం కావాలంటే వందమందిని తీసి, కాపీ చేసి, చొక్కాల రంగులు మార్చి వేలమందిగా పరుస్తాం. ఆ రోజు డాబా మీద నిలబడి, అలవాటుకొద్దీ రెండుసార్లు వచ్చిన మొహం కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

ఇప్పుడు మా పనికీ మిషను వచ్చింది. మనిషి మీద ఒక్క క్లిక్కు కొడితే ఏఐ గీత గీసేస్తుంది. చొక్కా దాకా బాగా గీస్తుంది. జుట్టు దగ్గర తడబడుతుంది. ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ అంచు వణుకుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ వణుకూ తగ్గుతుందని నాకు తెలుసు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట రోటో వాళ్లు ముప్పైమందిలో పదకొండుమంది మిగిలారు. ఆఖరి నెల జీతం ఇంకా రావాల్సినవాళ్లున్నారు. గ్రాఫిక్స్ బాగోలేకపోతే తిట్లు మాత్రం ఠంచనుగా అందుతాయి. 2022లో 'ఆదిపురుష్' టీజర్ వచ్చిన వారమంతా నేను ఫలానా పని చేస్తానని ఎవరికీ చెప్పలేదు. షాటు ఎప్పుడు చేతికిచ్చారు, ఎన్నిసార్లు మార్చమన్నారు, ఎన్ని రోజులిచ్చారు అని అడిగేవాడు ఉండడు.

అమ్మకి ఈ భయం పాతదే. చైనా మిషను లేసు బజారులోకి వచ్చిన ఏడాది మా వీధిలో సగం మంది సూదులు పెట్టెల్లో పడేశారు. తమాషా ఏమిటంటే, అసలైన క్రోషా అల్లే మిషను ఇప్పటికీ బజారులో లేదు. అలా కనిపించేదాన్ని ఇంకో పద్ధతిలో చేస్తాయంతే. "ఎలా కనిపెడతావమ్మా?" అన్నాను. బీరువాలోంచి ఎప్పుడో కొన్న టేబుల్ క్లాత్ తెచ్చి, వెనక్కి తిప్పి ఒళ్లో పెట్టింది. అడుగున నూగులా దారం తుంపులు. తర్వాత తను అతికింది తిప్పింది. ఏది ముందో ఏది వెనకో నాకు తెలియలేదు. 2024లో నర్సాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి నేనే ఫోన్ చేసి చెప్పాను. "రేటేమైనా పెంచారా?" అంది.

తెరని వెనక్కి తిప్పి చూడలేం కదమ్మా అన్నాను. నవ్వింది. "అయితే మీ వాళ్ల పేర్లయినా వేస్తారా?" వేస్తారు, సినిమా అంతా అయిపోయాక, చీమల్లా. మొన్నొక సినిమాకి నర్సాపురం హాల్లో కూర్చుని నా పేరు కోసం చూద్దామనుకుందట. అది వచ్చేలోగానే లైట్లు వేసి, తలుపులు తీసి, బొమ్మ ఆపేశారు.

ఇప్పుడు అరుగు మీద ఈ కొసన ఆవిడ, ఆ కొసన లాప్‌టాప్‌తో నేను. ఏజెంటు అమ్మకి ఇచ్చి వెళ్లినవి 240 పూలు. నాకు వచ్చింది పదమూడు సెకన్ల షాటు, 312 ఫ్రేములు, జడ లేని జుట్టు. ఇద్దరం శుక్రవారానికి ఇచ్చెయ్యాలి.