యే వూరెళ్లాలన్నా?

విజయపురి సౌత్‌లో మా బంధువుల కుర్రాడొకడు కీబోర్డు వాయిస్తాడు. ఆదివారం చర్చిలో, పెళ్లిళ్ల రోజుల్లో మాచర్ల ఆర్కెస్ట్రాలో. వాళ్ల తాత సాగర్ డ్యాము కట్టేటప్పుడు రాళ్లు మోయడానికొచ్చి యిక్కడే వుండిపోయాడు. అమ్మ మిరపకోతలకు పోతుంది. పోయిన కార్తీకంలో వాడు నన్ను ఆపి అడిగాడు. "అన్నా, యే వూరెళ్తే బాగుంటది? హైదరాబాదా, బెజవాడా, మద్రాసా? చదువుకున్నోడివి గదా, చెప్పు."

పాట మీద వ్యాసాలు రాసినవాణ్ణే గానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. లేదని చెప్పడానికి నామోషీ అయి, మన భాషలో కళాకారుల మీద వచ్చిన జీవితచరిత్రలూ సన్మాన సంచికలూ తిరగేశాను. అన్నిట్లోనూ ఒకటే నడక. పల్లెలో పుట్టాడు, పేదవాడు, గురువు దొరికాడు, పట్నం చేరాడు, వెలుగులోకి వచ్చాడు. పట్నం చేరిన రోజుకూ వెలుగులోకి వచ్చిన రోజుకూ మధ్య వున్న యేళ్లన్నీ 'యెన్నో కష్టాలు పడ్డాడు' అనే ఒక్క వాక్యంలో అయిపోతాయి. మనకు కావలసింది ఆ వాక్యం వెనక వుంది. ఆ యేళ్లలో యెవరింట్లో పడుకున్నాడు? అద్దె యెవరు కట్టారు? యింటాయన "మీరేమిట్లు?" అనడిగితే యేం చెప్పాడు?

యీ ప్రశ్నలు జీవితచరిత్రకారులకు తట్టకపోవడం ఆశ్చర్యమేమీ కాదు. వాళ్లు రాసిన మనుషుల్లో చాలామందికి మద్రాసులోనో బెజవాడలోనో మేనమామ వున్నాడు. లేదా గురువు యింట్లోనే వుండి నేర్చుకునే ఆచారం వుంది. గురుకులవాసం గురించి మన సంగీత విమర్శకులు చాలా భక్తిగా రాస్తారు. అది అద్దె లేని గది, పొద్దున్నే తిండి, అడగకుండానే దొరికే పరిచయాలు అని యెవరూ రాయరు. ఆ గదిలోకి మాల మాదిగ పిల్లాడు యెందుకు రాలేకపోయాడో అసలే రాయరు.

ప్రతిభ వుంటే వూరు అడ్డం కాదనే వాళ్లు యిళయరాజాను చూపిస్తారు. నిజమే, పణ్ణైపురం దళితవాడ నుంచి 1960ల చివర మద్రాసు వచ్చి, ధనరాజ్ మాస్టరు దగ్గర నేర్చుకుని, 1976లో 'అన్నక్కిళి'తో నిలబడ్డాడు. కానీ ఆయన ఒంటరిగా రాలేదు. అన్నదమ్ములతో కలిసి వచ్చాడు. అంతకుముందే పెద్దన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు సభల్లో పాడే బృందంతో వూరూరా తిరిగాడు. అంటే మద్రాసు చేరేనాటికే ఆ పిల్లలు వేలమంది ముందు వాయించి వున్నారు. నగరం వాళ్లను తయారు చెయ్యలేదు, తయారై వచ్చిన వాళ్లకు జీతమిచ్చింది. యీ తేడాను మన వాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

షేక్ చినమౌలానా దారి యింకొకటి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబు దగ్గర నాదస్వరం నేర్చి, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల్ని ఆశ్రయించి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో మద్రాసు అకాడమీ సంగీత కళానిధి యిచ్చింది. నాదస్వరానికి గిరాకీ గుడిలో వుంది, ఆ గుడి కావేరి గట్టున వుంది, కాబట్టి పోయాడు. యిందులో కళాత్యాగమూ లేదు, మాతృభూమి ద్రోహమూ లేదు. పనివాడు పని వున్న చోటికి పోయాడు. సాగర్ కట్టమీదకు పాలమూరు కూలీలు వచ్చినట్టే.

నన్ను యెక్కువసేపు ఆపింది మాత్రం నాజరే. పొన్నెకల్లు దూదేకుల యింట 1920లో పుట్టాడు. బుర్రకథకు కొత్త ఒళ్లు యిచ్చాడు. పల్నాటి యుద్ధం కట్టాడు, బెంగాల్ కరువు కట్టాడు. 1953 నాటి 'పుట్టిల్లు' సినిమాలో ఆయన కథ వుంది. సినిమా తలుపు తెరిచే వుందన్నమాట. అయినా 1986లో పద్మశ్రీ వచ్చేనాటికీ, 1997లో చనిపోయేనాటికీ ఆయన పేరు పక్కన వున్న వూరు పొన్నెకల్లే. ఆత్మకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్నాడు, యితరులు తిట్టుగా వాడిన మాటనే.

నాజర్ పల్లెను వదలకపోవడాన్ని త్యాగమని పొగడటం అలవాటైపోయింది. నాకది లెక్కగా కనిపిస్తుంది. ఆయన శ్రోత పల్లెలో వున్నాడు. అయితే ఆ శ్రోత దగ్గరికి ఆయన్ను చేర్చింది ప్రజానాట్యమండలి. సభ పెట్టేవాళ్లు, బండి కట్టేవాళ్లు, రాత్రికి అన్నం పెట్టేవాళ్లు జిల్లా జిల్లాకూ వున్నారు. ఆ అల్లిక లేకుండా వూళ్లో కూర్చుంటే నాజర్ కూడా పెళ్లిళ్లలో పాడుకునే మనిషయ్యేవాడు. అందుకే "మీ మూలాలు పల్లెలో వున్నాయి, డప్పు వదలొద్దు, పట్నాలు మిమ్మల్ని పాడుచేస్తాయి" అని మనకు చెప్పే మేధావుల్ని నేను నమ్మను. వాళ్ల పిల్లలు పట్నంలోనే వీణ నేర్చుకుంటున్నారు.

మూలాల మాట వచ్చింది గనక కారెంపూడి సంగతి. పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతులు మాలలు. కార్తీకంలో అయిదు రోజుల తిరనాళ్లలో, రాచగావు నుంచి కళ్లిపాడు దాకా, ఆ కథకు హక్కుదారులు వాళ్లే. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ ఆ నోటిమాటను రికార్డు చేసి ఇంగ్లీషులోకి మార్చాడు, 1982లో పుస్తకంగా వచ్చింది. కథ విదేశాల లైబ్రరీలకు చేరింది. పాడినవాళ్ల పిల్లలకు మాచర్లలో కూడా సంగీతం పేరుతో ఒక జీతం లేదు. పాట మాత్రమే నగరానికి పోయి, పాడేవాడు యిక్కడే ఆగిపోయిన సందర్భం యిది. 'యే వూరెళ్లాలి' అనే ప్రశ్నకు యిది కూడా ఒక జవాబే, చేదు జవాబు.

యిక మా వాడి మూడు వూళ్లు. బెజవాడలో రేడియో 1948 నుంచి వుంది. ఆడిషను పెడతారు, గ్రేడు యిస్తారు. శాస్త్రీయం, లలితం, జానపదం అని గదులు వేరు. మన గొంతుకు ముందే కేటాయించిన గది యేదో చెప్పనక్కర్లేదు. సినిమా మద్రాసులో వున్నన్నాళ్లూ తెలుగు వాయిద్యగాడికి వూరు యెంచుకునే పనే లేదు. పరిశ్రమ హైదరాబాదుకు మారాక కూడా పాటల రికార్డింగు చాలాకాలం అక్కడే జరిగింది. చర్చి హార్మోనియం మీద చెయ్యి తిరిగిన మన పిల్లలు పనికి వచ్చే వేళకు కీబోర్డూ కంప్యూటరూ వచ్చి పదుల మంది పనిని ఒకరిద్దరికి అప్పజెప్పాయి. యీ చర్చి మాట తేలిగ్గా తీసుకోకూడదు. 1849లో ఫాదర్ హయ్యర్ గురజాల వచ్చింది మొదలు పల్నాడు దళితవాడకు దొరికిన సంగీత పాఠశాల అదొక్కటే. ఫీజు లేదు, "మీరేమిట్లు" లేదు.

హైదరాబాదు దగ్గర, సాగర్ నుంచి నూటయాభై కిలోమీటర్లు. గద్దర్ పాట పెరిగిన వూరు. అయితే 2014 తర్వాత కట్టకు అవతల వేరే రాష్ట్రం. 2023 నవంబరులో కట్టమీద ముళ్లకంచె వేసి రెండు రాష్ట్రాల పోలీసులు యెదురెదురుగా నిలబడ్డారు. అక్కడి జానపద స్టూడియోల్లో మా వాడి పల్నాటి యాస చెల్లదు. ఒకప్పుడు తెలంగాణ యాసను వెక్కిరించిన సినిమాల పాపం వీడి నెత్తిన పడింది.

నా అనుభవం కూడా చెప్పాలి. పరిశోధన చేసేరోజుల్లో ఒక నగరంలో యింటాయన గది చూపించి, అడ్వాన్సు మాట్లాడి, చివర్లో యింటిపేరు అడిగాడు. మర్నాటికి గది "చుట్టాలొస్తున్నారు" అయింది. నాకు హాస్టలు వుంది, బతికాను. వాయిద్యగాడికి హాస్టలు వుండదు. పైగా వాడు రాత్రిపూట సాధన చెయ్యాలి, గోడ అవతల యెవరో ఒకరు వొప్పుకోవాలి.

అందుకని వాడితో వూరి పేరు చెప్పలేదు. "పని లేకుండా యెన్ని నెలలు తిండి తినగలవు? యెవరింట్లో?" అని అడిగాను. ఆలోచించి, "గుంటూర్లో మా మేనత్త వుందన్నా, చర్చి పక్కనే. నాలుగైదు నెలలైతే పర్లేదు" అన్నాడు. మూడు మహానగరాల జాబితాలో గుంటూరు లేనే లేదు.

అనుపులో యిక్ష్వాకుల కాలపు రంగస్థలం వుంది. లోయ మునిగేటప్పుడు విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. కింద నిలబడి మాట్లాడితే పై మెట్టు దాకా వినపడుతుందని చెబుతారు. వెళ్లేముందు వాడు అక్కడ నిలబడి పాడి చూశాడట. "బానే వినపడద్ది అన్నా. వినేవోళ్లే లేరు." యిప్పుడు గుంటూర్లో వున్నాడు. శనివారం రాత్రి మాచర్ల బస్సెక్కి వచ్చి ఆదివారం చర్చిలో వాయించి పోతున్నాడు.